మా ప్లాటులో దిగిన పాలపిట్ట

పెళ్లి బస్సు ఎక్కానంటే నేను ముందు పలకరించేది పెళ్లికొడుకును కాదు, డ్రైవర్‌ను. "డీజిల్ ఎంతుంది? ఎంతసేపు వస్తుంది?" అని అడిగి, జవాబు నచ్చితేనే సీట్లో కూర్చుంటాను. ఇంట్లో గ్యాస్ బండను వారానికోసారి ఊపి చూస్తాను. మా ఆవిడ స్కూటీ బయటికి తీసేలోపు నేను టాంకు మూత తీసి, ఒక కన్ను మూసి, లోపలికి తొంగి చూస్తాను. చుట్టాలు నాకు పెట్టిన పేర్లు చాలానే ఉన్నాయి. వాటిలో అచ్చువేయదగ్గవి తక్కువ కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

చిన్న విమానాలు నడపడం నేర్చుకోవాలని వస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకోసం నన్ను నాలుగు మాటలు రాయమన్నారు. నాకు వచ్చినవి ఆ రెండే. ఎంతుంది, ఎంతసేపుంటుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ విద్యార్థులకు ఆ రెండు ప్రశ్నలే వేశాను. కారులో పెట్రోలు అయిపోతే పక్కకు ఆపుకోవచ్చు. ఆకాశంలో పక్క అనేది ఉండదు. ఈ చిన్న విషయం పుస్తకాల్లో చాలా పెద్ద మాటల్లో రాసి ఉంటుంది, కానీ సంగతి ఇంతే.

అయితే ఒక రోజు నా రెండు ప్రశ్నలకూ జవాబులు చక్కగా వచ్చాయి. టాంకుల్లో కావలసినంత ఇంధనం ఉంది. అయినా ఇంజన్ ఆగిపోయింది. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు నవ్వు ఆగదు. నవ్వీ నవ్వీ, చివర్లో లేచి వెళ్లి స్కూటీ టాంకు మరోసారి చూసుకుంటాను.

నల్లగొండ జిల్లా దక్షిణం కొసన, గుట్టల మధ్య మాకొక చిన్న రన్‌వే ఉండేది. పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో రెండు సీట్ల విమానాలు, వెనకాల వంటిల్లు. అదే మా శిక్షణ కేంద్రం. కొత్త రాష్ట్రం వచ్చి, జిల్లాలు ముక్కలై, ఏ ఊరు ఏ జిల్లాలోకి పోయిందో మేము మ్యాపుల మీద పెన్సిల్‌తో దిద్దుకుంటున్న రోజులవి. విమానాల్లో ఒకదానికి నీలం, తెలుపు రంగులుండేవి. పిల్లలు దాన్ని పాలపిట్ట అనేవాళ్లు. పేరు ముచ్చటగా ఉంది కాని, ఆ పిట్ట వయసు దాన్ని నడిపే పిల్లల వయసుకు రెట్టింపు.

పాలపిట్టలో ఇంధనం చూపే ముళ్లు రెండు ఉండేవి. వాటికి తోచినప్పుడు తోచింది చూపేవి. అందుకే ఎగిరే ముందు రెక్క మీదికి ఎగబాకి, టాంకు మూత తీసి, గీతలు పెట్టిన కర్రపుల్లను లోపల ముంచి చూడాలి. ఆ కొలపుల్లలు మా చాచా దగ్గర ఉండేవి. చాచా అంటే విమానాలకు ఇంధనం పోసే పెద్దమనిషి. నల్లగొండ టౌన్ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. కొలపుల్లను మరొకరు ముట్టుకుంటే ఆయనకు ముఖం మాడిపోయేది. విద్యార్థి కొలిచి చెప్పాక, తనూ ఒకసారి ముంచి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "బరాబర్" అంటేనే విమానం కదిలేది.

నాకు ఒళ్లు మండే మాట ఒకటుంది. సరిపోతది. మన దిక్కు ఏది అడిగినా ఇదే జవాబు. బువ్వ ఎంతమందికి వండారు? సరిపోతది. వరికి నీళ్లున్నాయా? సరిపోతది. మిగతా చోట్ల ఎవరైనా సర్దుకుంటారు కాబట్టి నడుస్తుంది. టాంకు సర్దుకోదు. అందుకని మా షెడ్డులో ఆ మాట అనకూడదని నియమం పెట్టాను. ఎవరైనా నోరు జారితే ఆ రోజు షెడ్డంతా ఊడవాలి.

ఆ ఏడాది షెడ్డును ఎక్కువసార్లు ఊడ్చింది ఒక అచ్చంపేట అమ్మాయి. నల్లమల అంచున వాళ్లది వ్యవసాయం చేసే కుటుంబం. చేతులు చురుకు, కళ్లు చురుకు, నోరు ఇంకా చురుకు. మా మైదానం చుట్టూ ఒంటరిగా ఎన్నిసార్లో తిరిగింది. ఇక మిగిలింది ఊళ్లు దాటి ఒంటరిగా పోయి రావడం. దానికి నేను పక్కన కూర్చుని పరీక్షించి సరే అనాలి. రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ కాదన్నాను. మొదటిసారి ఇంధనం లెక్కలో ఎదురుగాలిని మరిచిపోయింది. రెండోసారి, మోత్కూర్ మీద ఉండగా "ఇంటికి చేరడానికి ఎంత కావాలి?" అని అడిగితే కిటికీలోంచి చెరువు చూస్తూ "ఉన్నది సరిపోతది సార్" అంది. నేను అక్కడికక్కడే వెనక్కి తిప్పమన్నాను.

మా కేంద్రాన్ని నడిపే పెద్దసారు ఈ వరసతో విసిగిపోయాడు. మూడోసారి కూడా నేను కాదంటే అమ్మాయిని ఇంటికి పంపేస్తానన్నాడు. వాళ్ల బాపు అప్పటికే మండలమంతా చెప్పుకున్నాడట, దసరా దాటితే తన బిడ్డ ఒక్కతే విమానంలో ఊళ్లు తిరుగుతుందని. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నాకూ అన్నం సరిగా దిగలేదు. మెత్తబడకూడదని నాకు నేనే రోజూ చెప్పుకునేవాణ్ని.

ఇక్కడ నా ప్లాటు సంగతి కూడా చెప్పాలి. రిటైరైతే ఇల్లు కట్టుకుందామని చిట్యాల దగ్గర, హైవేకు లోపలగా, ఒక వెంచర్‌లో జాగా కొన్నాను. ఏజెంటు చూపించిన రంగుల కాగితంలో పార్కు ఉంది, పార్కులో కొలను ఉంది, కొలనులో బాతులు కూడా ఉన్నాయి. కొన్నాక వెళ్లి చూస్తే కంకర రోడ్లు, సున్నం పూసిన హద్దురాళ్లు, రోడ్ల పొడవునా వెదురు కర్రలకు రంగు జెండాలు, ముందర ఒక ఆర్చి, ఆర్చి నీడలో ఒక కుక్క. కరెంటు స్తంభాలు ఏవని అడిగితే "వచ్చే నెల పక్కా సార్" అన్నాడు ఏజెంటు. ఆ వచ్చే నెల ఎన్నాళ్లకూ రాలేదు. నేను ఆదివారం ఆదివారం ఫోన్ చేసి అతణ్ని తిట్టేవాణ్ని, అతను ఎంతో మర్యాదగా తిట్లు తినేవాడు.

మా శిక్షణ దారి నల్లగొండ మీదుగా మోత్కూర్ పోయి, అక్కడ తిరిగి చిట్యాల మీదుగా ఇంటికి వస్తుంది. చిట్యాల వచ్చిందంటే నేను రెక్క ఒకవైపు కాస్త వంచి కిందికి చూసేవాణ్ని, స్తంభాలు పాతారేమోనని. పాఠం మధ్యలో ఉన్నా సరే చూసేవాణ్ని. విద్యార్థులందరికీ ఇది తెలుసు. వాళ్ల మ్యాపుల్లో రైల్వే గేట్లు, చెరువులు, గుట్టలతోపాటు 'సారు ప్లాటు' అని ఒక గుర్తు ఉండేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ దసరాకు విమానాలకు పూజ చేశాం. ఏటా చేస్తాం. పూజ పెత్తనమంతా మా వంటావిడది. ఆవిడను అందరూ అవ్వ అనేవాళ్లు. నాకంటే చిన్నదే, అయినా నేనూ అవ్వ అనే అనేవాణ్ని, ఎందుకంటే కూర వడ్డించేది ఆవిడ. చాచా నిచ్చెన పట్టుకుంటే ఆవిడ ఎక్కి బంతిపూల దండలు వేసింది. ముక్కుకు బొట్టు, పంకకు బొట్టు, తలుపులకు బొట్టు, తోకకు బొట్టు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అందరం కలిసి విమానాన్ని తోసి తొక్కించాం. కొబ్బరికాయ నేనే కొట్టాను. చాచా అందరికీ ప్రసాదం పంచి, అందరికంటే ముందు తనే తిన్నాడు.

పండుగ తెల్లారి కాదు, ఆ మర్నాడు మూడో పరీక్ష. పొద్దున్నే అమ్మాయి లెక్కలు వేసి తెచ్చింది. ఎదురుగాలి ఉంది, దారి తప్పితే తిరగడానికి ఉంది, చివర్లో ముట్టుకోకూడని మిగులు ఉంది. టాంకుల్లో కొలపుల్ల ముంచి చూపించింది. చాచా బరాబర్ అన్నాడు.

"ఎంతుంది?" అన్నాను. చెప్పింది.

"ఎంతసేపుంటుంది?" అన్నాను. అదీ చెప్పింది.

"అయితే సరిపోతదా?" అని గాలం వేశాను.

"గా మాట మీ ముంగట నేను అననే అనను సార్. నిన్ననే ఊడ్చిన షెడ్డు" అంది.

తర్వాత విమానం చుట్టూ తిరిగి ఒక్కో భాగం తడిమి చూసింది. నేను వెనకే నడిచాను. ఎడమ రెక్క కింద సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. టాంకులోంచి ఇంధనం ఖాళీ అవుతుంటే ఆ మేరకు బయటి గాలి లోపలికి పోయేది దానిలోంచే. అంటే టాంకులు రెండూ ఊపిరి పీల్చుకునే ముక్కు అది. ఆ గొట్టం కొసన ముద్దగా, పచ్చగా, నడుమ ఎర్రటి చుక్కతో అవ్వ పెట్టిన బొట్టు ఉంది. అమ్మాయి దాని ముందు ఆగింది. చేత్తో తాకి కళ్లకు అద్దుకుంది. పండుగ బొట్టును గోటితో గీకడానికి ఎవరికి చేతులొస్తాయి? మూడో పరీక్ష రోజు అసలే రావు. వెనకాల వస్తున్న పెద్ద మాస్టారిని, ఇంధనం గురించి ముప్పై పాఠాలు చెప్పగలవాణ్ని, నేనూ అదే గొట్టాన్ని తాకి భక్తిగా కళ్లకు అద్దుకున్నాను. ఇద్దరం ఎక్కి కూర్చున్నాం.

ఆ పొద్దు ఎంత బాగుందో! చెరువులన్నీ నిండి ఉన్నాయి. బత్తాయి తోటలు వరసలు తీరి కనిపించాయి. పత్తి చేలు పగిలి తెల్లబడ్డాయి. నల్లగొండ జంట గుట్టలను పక్కన పెట్టుకుని మోత్కూర్ వెళ్లాం. అక్కడ అంగడి మీద ఒక చుట్టు తిరిగి, మూసీ దాటి, చిట్యాల వైపు మళ్లాం. అమ్మాయి దారి వెంట్రుకంత తప్పలేదు. నేను ప్రశ్న అడిగేలోపే జవాబు చెబుతోంది. ఈసారి సరే అనవచ్చని నాలో నేను అనుకుని, సంతోషం పైకి కనిపించకుండా ముఖం ముడుచుకుని కూర్చున్నాను.

హైవే కనిపించగానే ఇంజన్ ఒకసారి దగ్గింది.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. రెండోసారి దగ్గింది. మూడోసారి దగ్గడానికి ఓపిక లేనట్టు గురగురమని ఆగిపోయింది. పంక గాలికి ఊరికే తిరుగుతోంది. విమానంలో అంత నిశ్శబ్దం మంచిది కాదు.

పైనుంచి కింద పడిపోతామని మీరు భయపడకండి. ఇంజన్ ఆగినా చిన్న విమానం జారుకుంటూ కొంత దూరం వస్తుంది. ఆ కొంత దూరంలో చదునైన చోటు దొరకాలి, ఆ చోట కరెంటు తీగలు ఉండకూడదు. తీగలు పైనుంచి కనిపించవు, కనిపించేసరికి దగ్గరికి వచ్చేసి ఉంటాయి. మాలో ఎవరైనా రాత్రి ఉలిక్కిపడి లేచేది ఆ తీగలు కలలోకి వచ్చినప్పుడే.

ఆ క్షణంలో నేనేం చేశానో తెలుసా? ఇంధనం ముల్లును వేలితో కొడుతున్నాను. రెండు ముళ్లూ సగానికి పైనే చూపిస్తున్నాయి. కొలిచి ఎక్కాం, చాచా బరాబర్ అన్నాడు, లెక్క సరిగ్గా ఉంది. చేయవలసినవన్నీ చేతులు వాటంతటవే చేశాయి, ఇంజన్ మాత్రం పలకలేదు. నా మనసు ఒక్క చోటే ఇరుక్కుపోయింది. ఇంధనం పిచ్చోడి విమానంలో ఇంధనం అయిపోయిందట అని రేపు రాష్ట్రమంతా నవ్వుతుంది. చావు భయం కంటే ముందు నాకు ఆ భయమే వచ్చింది.

"సార్!" అమ్మాయి అరిచింది. "సార్, మీ ప్లాటు!"

"ఇప్పుడు ప్లాటేమిటి?" అన్నాను.

"మీ ప్లాటు కాడ దిగుదాం సార్! గాడ స్తంభాల్లేవు! నడిమి రోడ్డు సీదాగున్నది! జెండాలు చూడుండ్రి, మన దిక్కే ఊగుతున్నయి, ఎదురుగాలి!"

చూశాను. హైవే మీద లారీలు. అటుపక్క వరి, దాని మీద తీగలు. ఇటుపక్క పత్తి, దాని గట్ల మీద తీగలు. నట్టనడుమ తెల్లగా, చదునుగా, పొడుగ్గా, ఒక్క స్తంభం కూడా లేకుండా మా వెంచర్. నేను తిట్టిన ప్రతి ఆదివారమూ ఆ ఏజెంటు స్తంభాలు వేయకుండా ఉన్నందుకు ఆ క్షణంలో అతని కాళ్లు మొక్కుదామనిపించింది.

నేను పగ్గాలు తీసుకుందామని చేతులు చాచాను. అమ్మాయి అప్పటికే విమానాన్ని తిప్పి రోడ్డుకు ఎదురుగా పెట్టేసింది. నేను పెట్టినా అంతకంటే బాగా పెట్టలేను. ముఖంలో చెమట లేదు, నోట్లో మాట లేదు. ఆ పిల్ల నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు.

"నువ్వే దించు" అన్నాను. నా చేతులు మాత్రం పగ్గాలకు వెంట్రుక దూరంలోనే ఉంచాను.

హద్దురాళ్లు రెక్కల కిందుగా పోయాయి. కంకర మీద చక్రాలు తగిలి గోల గోల చేశాయి. ఎడమ రెక్క ఒక వెదురు కర్రను విరిచింది, దాని గుడ్డ రెక్కకు చుట్టుకుంది. దుమ్ము లేచి ఏమీ కనిపించలేదు. దుమ్ము దిగేసరికి మేము ఆగి ఉన్నాం. ఆర్చి కింది కుక్క లేచి ఒళ్లు విరుచుకుని మావైపు చూస్తోంది. ఆగింది సరిగ్గా మా ప్లాటులో కాదు. మా ప్లాటు దాటి కొంచెం ముందుకు, రోడ్డు మీద. రెక్కకు చుట్టుకున్న గుడ్డ మీద మాత్రం 'బుకింగ్స్ ప్రారంభం' అని ఎర్రటి అక్షరాలున్నాయి.

పండుగ సెలవులు కదా, ఏజెంటు హైదరాబాద్ నుంచి ఒక కుటుంబాన్ని కారులో తెచ్చి ప్లాట్లు చూపిస్తున్నాడు. వాళ్ల చేతుల్లో బిర్యానీ పొట్లాలు. అందరూ నోళ్లు తెరిచి నిలబడ్డారు. నేను తలుపు తీసుకుని కిందికి దిగాను. ఏజెంటు నన్ను గుర్తుపట్టాడు. అతని ముఖంలో రక్తం లేదు.

"సార్, గీ స్తంభాల కోసం గిట్ల రావాల్నా సార్?" అన్నాడు రెండు చేతులూ జోడించి. "ఒక్క ఫోన్ కొడ్తే అయిపోవు గద. వచ్చే నెల పక్కా సార్, మా అమ్మ మీద ఒట్టు."

నేను అతణ్ని గట్టిగా కౌగిలించుకున్నాను. అతను ఇంకా భయపడ్డాడు. కానీ పని తెలిసిన మనిషి, తొందరగానే తేరుకున్నాడు. వెనక్కి తిరిగి, బిర్యానీ పొట్లం పట్టుకున్న పెద్దమనిషితో, "చూసిండ్రా సార్? పొద్దున్నుంచి ఎయిర్‌పోర్టు ఎంత దూరమని అడుగుతున్నరు. గిదిగో, మన వెంచర్ల సారోళ్లు డైరెక్టుగ దిగుతరు" అన్నాడు. ఆ కుటుంబం ఆ రోజే ప్లాటు ఖాయం చేసుకుందని తర్వాత తెలిసింది.

గంట గడవకముందే అక్కడ జాతర. చుట్టుపక్కల చేలలోంచి, హైవే హోటళ్లలోంచి జనం వచ్చేశారు. చంకలో పిల్లలు, చేతిలో ఫోన్లు. వచ్చిన ప్రతివాడూ నన్ను ఒకటే అడిగాడు, పెట్రోల్ అయిపోయిందా సార్ అని. నేను కాదంటాను. వాళ్లు తల ఊపుతారు, పాపం ఒప్పుకోలేకపోతున్నాడన్నట్టు. ఒకాయన మోటార్ సైకిల్ మీద హైవే బంకుకు పోయి కూల్‌డ్రింక్ సీసాలో పెట్రోలు పోయించుకుని తెచ్చాడు. "జర ఇది పోసుకుని ఇల్లు చేరుండ్రి సార్, పైసలొద్దు" అన్నాడు. ఆయన మంచితనానికి దండం పెట్టాను. లోపల మాత్రం నాకు తల తీసేసినట్టయింది.

మా కేంద్రానికి ఫోన్ చేస్తే చాచా ఎత్తాడు. సంగతి అప్పటికే ఎవరి ఫోన్‌లోనో వీడియోగా అక్కడికి చేరింది. "సాబ్, ఇంధనం అయిపోయిందంటున్నరు గద" అన్నాడు. ఏడుపు గొంతు. "అల్లా కసం, నిండ పోసిన. నా పుల్ల అబద్ధమాడదు సాబ్."

"ఆడలేదు చాచా, నేను చూస్తా" అన్నాను. ఏం చూడాలో నాకే తెలియదు.

ఈ గొడవంతా జరుగుతుంటే అమ్మాయి, చాచా సీటు వెనక పెట్టి పంపిన కొలపుల్ల తీసుకుని రెక్క మీదికి ఎక్కింది. మూత తిప్పింది. రాలేదు. రెండు చేతులతో పట్టి లాగింది. రాలేదు. మోకాలు ఆనించి, పళ్లు బిగించి, ఒక్క గుంజు గుంజింది. మూత ఊడింది. ఊడుతూనే టాంకు 'హుస్సు'మని గాలి లోపలికి పీల్చుకుంది. కింద నిలబడ్డ జనానికి కూడా వినిపించింది. కుక్క దూరంగా జరిగింది.

"సార్! టాంకు ఊపిరి తీసుకున్నది సార్!"

పుల్ల ముంచి చూపించింది. నీలం రంగు ఇంధనం, సగానికి పైన. నేను ఆ పుల్లను ఎత్తి జనం వైపు జెండాలా చూపించాను. సీసా తెచ్చినాయన చప్పట్లు కొట్టాడు.

అమ్మాయి మాత్రం రెక్క మీదే గొంతుక్కూర్చుని ఆలోచిస్తోంది. ఇంధనం ఉంది. బయటికి రాలేకపోయింది. ఎందుకంటే లోపలికి గాలి పోలేదు. ఎందుకు పోలేదు? ఒక్కసారిగా కిందికి దూకింది. ఎడమ రెక్క కిందికి వెళ్లింది. వంగి చూసింది. తర్వాత మెల్లగా నావైపు తిరిగింది.

"సార్," అంది, "మనం దీనికి మొక్కినం సార్."

వెళ్లి చూశాను. గొట్టం మూతి మీద పసుపు ముద్ద ఎండి రాయిలా బిగుసుకుంది. గోటితో గీకితే గోరు విరిగింది. ఉత్త పసుపైతే గాలికే రాలిపోయేది. ఇందులో ఇంకేదో ఉంది. అదేమిటో సాయంత్రం అవ్వ నోటనే తెలిసింది. అప్పటికి మాత్రం ఇద్దరం ఆ బొట్టును చూశాం, ఒకరినొకరం చూసుకున్నాం, ఇక నవ్వు మొదలైంది. ఆగలేదు. హద్దురాళ్ల మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాం. జనానికి ఎందుకో తెలియదు, అయినా వాళ్లూ నవ్వారు. బిర్యానీ పెద్దమనిషి మాకు చెరో పొట్లం ఇచ్చాడు.

నవ్వు తగ్గాక నేను పొట్లం దారాన్ని పళ్లతో తెంపాను. ఆ పిల్ల తన పొట్లం విప్పలేకపోయింది. బతికి ఉన్నామన్న సంతోషం అంత గట్టిగా తగులుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. "సార్," అంది తల ఎత్తకుండా, "బొట్టు చూసి గూడ గీకలే. ఇగ నేను ఇంటికి పోవుడేనా?"

ఆ పిల్ల పొట్లం నేనే విప్పి చేతిలో పెట్టాను. "ముందు తిను" అన్నాను.

పై అధికారులు వచ్చి చూసి, రాసుకుని, విమానాన్ని ఎగరనివ్వకుండా విప్పి తీసుకుపొమ్మన్నారు. రెక్కలు ఊడదీసి పాలపిట్టను లారీ ఎక్కించాం. హైవే మీద టోల్ దగ్గర వాళ్లు ఇది ఏ రకం బండి కింద రాయాలో తేల్చుకోలేక చివరికి ఊరికే వదిలేశారు. చాచా లారీ వెనక విమానం ముక్కు పట్టుకుని కూర్చున్నాడు. దారి పొడవునా ఎదురైనవాళ్లందరికీ "పెట్రోల్ అయిపోలే, పెట్రోల్ ఫుల్" అని అరుచుకుంటూ వచ్చాడు.

సాయంత్రం అవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

"తెరుచుకున్న మూతి ఏది కనపడ్తే గాడ బొట్టు పెట్టిన సారు. మూతి తెరుచుకుంటే దిష్టి జొరబడ్తది గద. రేకు మీద పసుపు నిలుస్తలేదని జరంత మైదా ఉడకేసి కలిపిన. పిల్లల పానం మీదికొస్తదని నాకేమెరుక?"

మైదా! గోడల మీద పోస్టర్లు అంటించే మైదా. గాలి వేగం కొలిచే గొట్టానికి మేము ఎప్పుడూ ఎర్రగుడ్డ తొడుగు తొడిగి ఉంచుతాం కాబట్టి అది బతికిపోయింది, బొట్టు తొడుగు మీద పడింది. నేను అవ్వను ఓదార్చబోయి మళ్లీ నవ్వేశాను. ఆవిడ కొంగుతో నన్ను ఒకటి కొట్టి, తనూ నవ్వేసింది.

పెద్దసారు మాత్రం నవ్వలేదు. నన్ను గదిలోకి పిలిచి, "మూడోసారి కూడా విమానం ఇంటికి ఎగిరి రాలేదు. లారీలో వచ్చింది. అమ్మాయి సంగతి చెప్పండి, అవునా కాదా?" అన్నాడు.

"లారీలో వచ్చినా గీత పడకుండా వచ్చింది" అన్నాను. "బొట్టు గీకకపోవడం తప్పే. ఆ తప్పుకు ఆమెను పంపితే, అదే బొట్టును కళ్లకద్దుకున్న నన్నూ పంపాలి. కానీ నేను ముల్లును కొడుతూ కూర్చున్నప్పుడు దిగే చోటు చూసింది ఆ పిల్ల. దించింది ఆ పిల్ల. కారణం పట్టుకుంది ఆ పిల్ల. నా జవాబు అవును."

ఆయన అమ్మాయి కాగితం మీద 'అవును' అని రాసి సంతకం పెట్టాడు. "ప్లాటు ఎక్కడన్నారు?" అన్నాడు చివరికి. అక్కడ ఇంకో ప్లాటు దొరుకుతుందేమో కనుక్కోమన్నాడు.

పాలపిట్టను మళ్లీ బిగించి, పరీక్షించి, అధికారులు సరేనన్నాక అమ్మాయి ఒంటరి ప్రయాణం రోజు వచ్చింది. అవ్వ ఆ పిల్ల నుదుట బొట్టు పెట్టింది. తర్వాత విమానం వైపు చూసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. అమ్మాయి ఎడమ రెక్క కిందికి వెళ్లి గొట్టం మూతిని వేలితో తుడిచి, ఆ వేలు దూరంనుంచే నాకు చూపించింది. శుభ్రంగా ఉంది. ఎగిరిపోయింది.

నేను షెడ్డు ముందు నిలబడ్డాను. ఎంతుందో తెలుసు, ఎంతసేపుంటుందో తెలుసు, అయినా కూర్చోలేకపోయాను. రావలసిన వేళకు రాలేదు. చాచా చాయ్ తెచ్చి ఇస్తే చేతిలోనే చల్లారిపోయింది. ఇంకాసేపటికి చాచా కొలపుల్ల తీసుకుని గీతలు మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు ఉత్తరాన గుట్టల మీద చిన్న చుక్క కనిపించింది. అవ్వ వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

దిగి ఇంజన్ ఆపీ ఆపగానే నేను తలుపు దగ్గరికి వెళ్లి అరిచాను. "ఎందుకాలస్యం? ఎంత మిగిలింది?"

ఎంత మిగిలిందో చెప్పింది. ముట్టుకోకూడని మిగులు ముట్టుకోలేదు. "చిట్యాల మీద జర ఒక చుట్టు కొట్టిన సార్" అంది.

"ఎవరు కొట్టమన్నారు?"

"మీ ప్లాటుకు స్తంభాలొచ్చినయ్ సార్! తీగలు గూడ గుంజిండ్రు!"

అన్నాళ్లు ఎదురుచూసిన కబురు. ఎగిరి గంతెయ్యాలి. కాని మమ్మల్ని కాపాడిన చోటు ఇక లేదు కదా అనిపించింది. ఆ మాటే అందామనుకునేలోపు ఆ పిల్లే అంది.

"ఇగ గాడ దిగనీకి రాదు సార్. అందుకే వేరే జాగ చూసి పెట్టినా. హైవేకు ఇవతల పెసర్లు తీసిన చెల్క పడావున్నది, పంటేం లేదు. పొడుగు మంచిగున్నది. తీగల్లేవు. చుట్టు కొట్టి మంచిగ చూసినంక వచ్చిన."

నేను అడగలేదు. దారి పొడవునా అలా ముందే వెతికి పెట్టుకోమని ఎప్పుడూ చెప్పలేదు కూడా. ఎవరూ చెప్పకుండానే, ఇంజన్ ఆగిపోతే దిగే చోటు వెతుక్కుని వచ్చింది. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మరిచిపోయి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాను. అచ్చంపేటకు ఫోన్ నేనే చేశాను. వాళ్ల బాపు అటునుంచి ఏమన్నాడో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆయన అంత గట్టిగా అరిచాడు.

ఆ రోజు నుంచి నా ప్రశ్నలు మూడయ్యాయి. ఎంతుంది? ఎంతసేపుంటుంది? ఆగిపోతే ఎక్కడ దిగుతావు? మూడోది ఆ పిల్ల ఇచ్చింది, మీరు ముందు దాన్నే నేర్చుకోండి. పెళ్లి బస్సు డ్రైవర్‌ను మాత్రం ఆ ప్రశ్న అడగకండి. మొన్న ఒకాయనను అడిగాను. ఆయన బ్రేకు వేసి, తలుపు తెరిచి, "నువ్వైతే గీడ దిగు పెద్దమనిషి" అని నన్ను నిజంగానే నార్కట్‌పల్లి అడ్డరోడ్డులో దింపేసి వెళ్లిపోయాడు.